వ్యాపారం ఆట: అద్దె లెక్కలు, ఇంటి నియమాలు, ఒక పాత హెచ్చరిక

మే నెలలో రాయ్‌పూర్‌లో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సర్వసాధారణం. పొద్దెక్కేసరికి వీధులు పలచబడతాయి. బడులకు సెలవులు. తలుపులు దగ్గరగా వేసి, కూలరు పెట్టుకుని, ఇంటిల్లిపాదీ ఒకే గదిలో గడపవలసిన ఆ నాలుగైదు గంటల కోసం అటక మీద నుంచి కిందికి దిగే వస్తువుల్లో వ్యాపారం ఆట పెట్టె ఒకటి. కొన్ని ఇళ్లలో దీని పేరు బిజినెస్. మరికొన్ని ఇళ్లలో వ్యాపారీ. విదేశీ పేరుతో కొన్నవారికి ఇది మొనోపలీ.

ఆట మొదలయ్యేటప్పుడు అందరూ నవ్వుతూనే కూర్చుంటారు. మూడు గంటలు గడిచేసరికి ఒకరు అలిగి లేచిపోతారు, ఒకరు కళ్లనీళ్లు పెట్టుకుంటారు, పెద్దవారు "ఇంక చాలు, మూసెయ్యండి" అంటారు. ఎవరు గెలిచారో తేలకుండానే పెట్టె మూతపడుతుంది. పిల్లల పెంకితనమే దీనికి కారణమని పెద్దలు సరిపెట్టుకుంటారు. కానీ చాలా సందర్భాల్లో అసలు కారణం, అచ్చు నియమాలకు ప్రతి కుటుంబం చేర్చుకున్న సొంత నియమాల్లో ఉంటుంది. దయతోనో ముచ్చటతోనో చేర్చుకున్న ఆ నియమాలే ఆటను సాగదీసి, ఓడిపోతున్నవారి బాధను పొడిగిస్తాయి. ఈ ఆట ఎలా పనిచేస్తుంది, ఎలా ఆడితే గెలుపు అవకాశాలు పెరుగుతాయి, ఇంటి నియమాల ఫలితం ఏమిటి, అసలు దీన్ని ఎవరు, ఎందుకు రూపొందించారు అన్నవి తెలుసుకుంటే ఆ మధ్యాహ్నం మరోలా గడుస్తుంది.

అదృష్టం సగం, నిర్ణయం సగం

రాయ్‌పూర్‌కు తెలుగు ప్రాంతంతో రాకపోకలు కొత్తవి కావు. బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన రాయ్‌పూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన రైల్వే కొలువులకు, వ్యాపారాలకు, తరవాతి కాలంలో భిలాయి ఉక్కు కర్మాగారం పనులకు తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డాయి. ఇటువంటి ఇళ్లలో ఒకే ఆట రెండు మూడు భాషల్లో సాగుతుంది. మనవడు "కిరాయా" అంటే అమ్మమ్మ "అద్దె ఎంతరా?" అని అడుగుతుంది. పక్కింటి పిల్లలు కలిస్తే ఛత్తీస్‌గఢీ కూడా తోడవుతుంది.

తెలుగువారికి పాచికల ఆటలు తరతరాలుగా తెలిసినవే. వైకుంఠపాళిలో ఆటగాడు చేయవలసింది ఏమీ ఉండదు. పందెం ఎంత పడితే అంత జరగాలి. నిచ్చెన వస్తే ఎక్కాలి, పాము నోట పడితే దిగాలి. అష్టాచమ్మాలో ఏ కాయను జరపాలన్న నిర్ణయం ఆటగాడిది. వ్యాపారం ఆటలో ఆ నిర్ణయాల పరిధి మరింత పెరుగుతుంది. కొనాలా, వదలాలా? చేతిలో రొక్కం ఎంత ఉంచుకోవాలి? ఎవరితో బేరం పెట్టాలి? దేన్ని తాకట్టు పెట్టాలి? ఎక్కడ ఆగాలో పాచికలు చెబుతాయి. ఆగిన చోట ఏం చేయాలో ఆటగాడే తేల్చుకోవాలి.

మన దేశంలో అమ్ముడయ్యే పెట్టెల్లో వీధులకు బదులు సాధారణంగా నగరాల పేర్లు ఉంటాయి. బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, హైదరాబాద్ వంటి పేర్లు చూస్తూ పెరిగిన తరాలున్నాయి. తయారీదారును బట్టి గళ్ల సంఖ్య, ధరలు, రంగులు మారుతుంటాయి. అందువల్ల ఇక్కడ చెప్పుకునే లెక్కలకు 40 గళ్ల అసలు మొనోపలీ పలకనే ఆధారంగా తీసుకోవాలి. సూత్రాలు మాత్రం ఏ పలకకైనా చాలావరకు వర్తిస్తాయి.

డబ్బు కావాలనే తక్కువగా పెట్టారు

అసలు పలక మీద కొనదగిన ఆస్తులు 28. వాటిలో 22 వీధులు, 4 రైల్వే స్టేషన్లు, విద్యుత్తు, నీటి సంస్థలు రెండు. వీటన్నింటి ధర కలిపితే 5,690 అవుతుంది. ఆట మొదట్లో ఒక్కొక్కరికి ఇచ్చే సొమ్ము 1,500. నలుగురు ఆడితే మొత్తం 6,000. అంటే ఆస్తులన్నీ అమ్ముడయ్యేసరికి నలుగురి చేతుల్లోని మొదటి సొమ్ము దాదాపు అంతా బ్యాంకుకు చేరుతుంది. ప్రతి చుట్టుకు ఒక్కొక్కరికి వచ్చే 200 జీతమే కొత్త ఆదాయం. రెండు పాచికల సగటు 7 కాబట్టి ఒక చుట్టు పూర్తి కావడానికి ఆరు వంతులు పడుతుంది.

ఈ కొరత పొరపాటున ఏర్పడింది కాదు. డబ్బు చాలకపోతేనే ఆటగాళ్లు ఒకరితో ఒకరు బేరాలు పెడతారు, తాకట్టుకు వెళతారు, దేన్ని వదులుకోవాలో ఆలోచిస్తారు. చివరికి ఎవరో ఒకరు దివాలా తీస్తారు. ఆట ముగింపుకు చేరే మార్గం అదే. ఆ కొరతను తొలగించే ఏ నియమమైనా ముగింపును దూరం చేస్తుంది.

ఇంటి నియమాలు చేసే పని

చాలా కుటుంబాల్లో కనిపించే మొదటి అలవాటు, పన్నులూ జరిమానాలూ పలక మధ్యలో పోగుచేయడం. ఎవరి పావు ఉచిత పార్కింగ్ గడిలో ఆగితే ఆ కుప్ప వారిది. పిల్లలకు ఇది లాటరీ అంత ఉత్సాహాన్నిస్తుంది. అచ్చు నియమాల్లో మాత్రం ఆ సొమ్ము బ్యాంకుకు వెళ్లిపోవాలి. పార్కింగ్ గడిలో ఏమీ రాదు, ఏమీ పోదు. బయటికి పోవలసిన సొమ్ము తిరిగి ఆటలోకి వస్తే, ఓడిపోవలసినవారు మరో అరగంట నిలబడతారు. గెలుస్తున్నవారు మరో అరగంట ఎదురుచూస్తారు.

రెండో అలవాటు వేలాన్ని మరిచిపోవడం. ఒక ఆటగాడు తాను ఆగిన ఆస్తిని కొనకూడదనుకుంటే బ్యాంకరు దాన్ని వెంటనే వేలం వేయాలి. ఏ ధర నుంచైనా పాట మొదలుకావచ్చు. ముందు వద్దన్నవారు కూడా పాడవచ్చు. చాలా ఇళ్లలో "వద్దా? సరే, తరవాతి వంతు" అని ముందుకు సాగిపోతారు. దానివల్ల ఆస్తులు అమ్ముడుకాకుండా మిగిలిపోతాయి, ఎవరికీ ఒక రంగు పూర్తికాదు, ఆట గంటల తరబడి ఒకే చోట తిరుగుతుంది. వేలం ఉంటే ఆస్తులు త్వరగా చేతులు మారతాయి. తక్కువ సొమ్ము ఉన్న పిల్లలకు కూడా ఒక్కోసారి మంచి స్థలం చవకగా దొరుకుతుంది.

మూడోది పెద్దల అప్పు. మనవరాలి నోట్లు అయిపోతే తాతగారు తన వాటా నుంచి గుట్టుగా రెండు కాగితాలు జరుపుతారు. బ్యాంకరుగా కూర్చున్న మేనమామ "తరవాత ఇద్దువుగానిలే" అంటాడు. అచ్చు నియమాలు ఆటగాళ్ల మధ్య అప్పును అంగీకరించవు. డబ్బు కావాలంటే ఇళ్లను సగం ధరకు బ్యాంకుకు తిరిగి అమ్మాలి, లేదా ఆస్తిని తాకట్టు పెట్టాలి.

నాలుగోది అద్దె మాఫీ. "చిన్నవాడురా, ఈసారికి వదిలెయ్యి నాన్నా" అని అమ్మమ్మ అంటే పెద్ద మనవడు కాదనలేడు. ఈ మాట తప్పు కాదు. అయితే దాని భారం ఎవరి మీద పడుతుందో గమనించాలి. పెద్ద మనవడు అద్దెను వదులుకున్నాడు. కానీ అతని పావు చెల్లెలి స్థలంలో ఆగినప్పుడు అతనికి మాఫీ లేదు. ఒకరి మీద చూపిన దయ ఖర్చును మరొకరు భరించవలసి వస్తుంది. ఆ ఒకరు ప్రతిసారీ ఒకే మనిషి అయితే అలక మొదలవుతుంది.

వీటిలో ఏదీ నిషిద్ధం కాదు. కుటుంబం తన ఆటను తనకు నచ్చినట్టు ఆడుకోవచ్చు. కావలసింది ఒక్కటే. ఏ నియమం ఉంటుందో, ఏది ఉండదో పాచికలు వేయకముందే అందరూ ఒప్పుకోవాలి. చిన్నపిల్లలకు సాయం చేయాలనుకుంటే మొదట్లోనే 300 అదనంగా ఇవ్వడం మేలు. అది అందరికీ తెలిసిన సాయం కాబట్టి మధ్యలో వచ్చే మాఫీ కంటే న్యాయంగా ఉంటుంది.

పాచికలు చెప్పే రహస్యం

ఇక గెలుపు సూత్రాల సంగతి. రెండు పాచికలు వేస్తే 36 విధాలుగా పడవచ్చు. వాటిలో 7 వచ్చేవి 6. మొత్తం 6 కానీ 8 కానీ వచ్చేవి అయిదేసి. 5 లేదా 9 వచ్చేవి నాలుగేసి. 2 లేదా 12 వచ్చేది ఒక్కొక్కటే. కాబట్టి ఒక పావు ఉన్న చోటు నుంచి 6, 7, 8 గళ్ల దూరంలో ఉన్న స్థలాల మీద అది ఆగే అవకాశం ఎక్కువ.

పలక మీద పావులు అన్నింటికంటే ఎక్కువ కాలం గడిపే చోటు జైలు. జైలుకు పొమ్మనే గడి ఒకటి, కార్డులు కొన్ని, వరుసగా మూడుసార్లు జోడీ పడితే విధించే శిక్ష, ఇవన్నీ ఆటగాళ్లను అక్కడికే చేరుస్తాయి. జైలు నుంచి 6, 8, 9 గళ్ల దూరంలో ఉన్నవి నారింజ రంగు వీధులు మూడు. జైలు వదిలినవారు ఒక్క వేతలో ఆ మూడింటిలో ఏదో ఒకదాని మీద ఆగే అవకాశం 36లో 14, అంటే సుమారు 39 శాతం. అందుకే అనుభవజ్ఞులు అత్యంత ఖరీదైన చివరి రెండు వీధుల కంటే మధ్యస్థ ధర ఉన్న నారింజ, ఎరుపు వీధులనే ఎక్కువగా కోరుకుంటారు. మన దేశపు పలకల మీద కూడా ఇదే పద్ధతి పనికివస్తుంది. జైలు గడి ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి ఆరు మొదలు తొమ్మిది గళ్ల దూరంలో ఉన్న నగరాలను గుర్తుపెట్టుకోవాలి.

మూడో ఇల్లే కీలకం

ఒకే రంగు ఆస్తులన్నీ ఒకరికి చేరితే, ఇళ్లు లేకపోయినా అద్దె రెట్టింపవుతుంది. అసలు లాభం ఇళ్లు కట్టినప్పుడు వస్తుంది. నారింజ వీధుల్లో ఖరీదైనదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని ధర 200, ఒక్కో ఇంటి ఖర్చు 100. ఖాళీ స్థలానికి అద్దె 16. ఒక ఇల్లు కడితే 80, రెండు కడితే 220, మూడు కడితే 600, నాలుగైతే 800, హోటలు కడితే 1,000. రెండో ఇంటి నుంచి మూడో ఇంటికి పెరుగుదల 380. ఆ తరవాత ప్రతి మెట్టుకూ పెరిగేది 200 మాత్రమే. అంటే మూడో ఇంటికి పెట్టే 100 ఇచ్చినంత ఫలితం మరే 100 ఇవ్వదు.

ఈ మూడు వీధులూ కొనడానికి 560, ఒక్కోదానిలో మూడేసి ఇళ్లకు 900, వెరసి 1,460. ఆట మొదట్లో చేతికి వచ్చే 1,500తో ఇది దాదాపు సమానం. ప్రత్యర్థులు మూడుసార్లు ఆగితే పెట్టుబడి తిరిగివస్తుంది. కాబట్టి ఒక రంగు పూర్తయితే వీలైనంత త్వరగా మూడేసి ఇళ్ల వరకు వెళ్లడం, ఆ తరవాత కాస్త ఆగడం తెలివైన పద్ధతి.

ఆగడానికి మరో కారణం కూడా ఉంది. అసలు పెట్టెలో ఇళ్లు 32, హోటళ్లు 12 మాత్రమే ఉంటాయి. ఇళ్లు అయిపోతే బ్యాంకు కొత్తవి ఇవ్వదు. నాలుగు ఇళ్ల చోట హోటలు కడితే ఆ నాలుగూ బ్యాంకుకు తిరిగి వెళతాయి, ప్రత్యర్థి వాటిని కొనుక్కుంటాడు. హోటలు కట్టకుండా ఇళ్లనే ఉంచుకుంటే ఎదుటివారికి కట్టడానికి ఏమీ మిగలదు. చాలా కుటుంబాల్లో ఇళ్లు అయిపోతే గుండీలనో, చింతగింజలనో పెట్టి ఆట సాగిస్తారు. అలా చేస్తే ఈ వ్యూహానికి చోటే ఉండదు.

తాకట్టు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆస్తిని తాకట్టు పెడితే దాని ధరలో సగం వస్తుంది, విడిపించాలంటే 10 శాతం అదనంగా కట్టాలి. 200 ఆస్తికి వచ్చేది 100, తిరిగి కట్టేది 110. తాకట్టులో ఉన్నంతకాలం దాని మీద అద్దె రాదు. కాబట్టి ఒంటరిగా మిగిలిపోయిన స్థలాలను తాకట్టు పెట్టి, పూర్తయిన రంగులో ఇళ్లు కట్టడం లాభం. పూర్తయిన రంగును తాకట్టు పెట్టడం చివరి గత్యంతరం కావాలి.

జైలు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆట మొదట్లో స్థలాలు కొనవలసిన సమయం కాబట్టి 50 కట్టి వెంటనే బయటపడాలి. చివర్లో పలకంతా ఎదుటివారి ఇళ్లతో నిండినప్పుడు జైలే సురక్షితమైన చోటు. జైల్లో ఉన్నా తన ఆస్తుల మీద అద్దె వసూలు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక "జైల్లో ఉన్నవాడికి అద్దె ఏమిటి?" అని వాదించే ఇళ్లు చాలా ఉన్నాయి.

బేరం దగ్గరే మనిషి తెలుస్తాడు

నలుగురు ఆడే ఆటలో కేవలం పాచికల అదృష్టంతో ఒకరికి ఒక రంగు పూర్తిగా దక్కడం అరుదు. మూడో పట్టా ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. అందుకే ఈ ఆటలో అసలు నైపుణ్యం బేరంలో ఉంది. మంచి బేరంలో ఇద్దరికీ ఒక్కొక్క రంగు పూర్తవుతుంది, మిగిలిన ఇద్దరూ వెనకబడతారు. ఎదుటివారికి ఏం కావాలో ఆలోచించకుండా తనకు కావలసిందే అడిగేవారి బేరాలు కుదరవు.

కుటుంబంలో బేరానికి మరో కోణం ఉంది. పదిహేనేళ్ల అన్న ఎనిమిదేళ్ల తమ్ముణ్ని బుజ్జగించి, రెండు రంగు కాగితాలిచ్చి, విలువైన పట్టా తీసుకోవడం కష్టమేమీ కాదు. నియమాల ప్రకారం అది చెల్లుతుంది. మూడు వంతులు తిరిగాక తమ్ముడికి తాను పోగొట్టుకున్నది అర్థమవుతుంది. అప్పటి ఏడుపు ఓడిపోయినందుకు కాదు, నమ్మినందుకు. ఇటువంటి సందర్భంలో పెద్దలు బేరాన్ని రద్దు చేయడం కంటే, ముందే ఒక పద్ధతి పెట్టడం మంచిది. ప్రతి బేరాన్నీ అందరికీ వినిపించేలా పైకి చెప్పాలి. ఆ పట్టా చేతికి వస్తే ఎదుటివారు ఎంత అద్దె వసూలు చేయగలరో కార్డు మీద చదివి వినిపించాలి. ఆ తరవాతే "సరే" అనాలి. పిల్లలు ఒప్పందాన్ని చదివి సంతకం పెట్టే అలవాటును ఇంతకంటే చవకగా మరెక్కడా నేర్చుకోలేరు.

దివాలా సమయంలోనూ ఒక తగవు వస్తుంది. ఓడిపోయినవారు తమ పట్టాలన్నీ ఇష్టమైనవారికి, తరచుగా అమ్మకు, ఇచ్చి లేచిపోతుంటారు. అసలు నియమం వేరు. ఎవరికి బాకీ పడి దివాలా తీశారో వారికే ఆస్తులు చేరాలి. బాకీ బ్యాంకుకైతే ఆస్తులు వేలానికి వెళ్లాలి.

ముందే ఓడిపోయిన పిల్లలు మిగతా ఆటంతా ఊరికే కూర్చోవడం మరో సమస్య. దీనికి సులువైన పరిష్కారం గడువు పెట్టుకోవడం. గంటన్నర అని ముందే అనుకుని, గడువు తీరగానే ఎవరి చేతిలో ఎంత సొమ్ముందో లెక్కించాలి. దానికి ఆస్తుల అచ్చు ధర, తాకట్టులో ఉన్నవాటికి సగం ధర, ఇళ్లూ హోటళ్లకు పెట్టిన ఖర్చు కలపాలి. ఎక్కువ ఉన్నవారిదే గెలుపు. ఓడినవారికి బ్యాంకరు పని అప్పగిస్తే వారూ ఆటలోనే ఉంటారు.

భూస్వామి ఆటగా పుట్టింది

ఒకరు ధనవంతులై మిగిలినవారంతా చితికిపోవడమే ఈ ఆట ముగింపు. ఇది వినోదం కోసం మాత్రమే ఏర్పడిన ముగింపు కాదు. ఈ ఆటకు మూలరూపాన్ని తయారుచేసిన వ్యక్తి ఎలిజబెత్ మేగీ అనే అమెరికన్ మహిళ. స్టెనోగ్రాఫరుగా పనిచేసిన ఆమె తన ఆటకు 1904 జనవరి 5న పేటెంటు పొందారు. దానికి ఆమె పెట్టిన పేరు భూస్వామి ఆట. భూమి మీద వచ్చే అద్దె కొద్దిమంది చేతుల్లో పోగుపడటమే పేదరికానికి మూలమని, పన్ను భూమి విలువ మీదే వేయాలని 1879లో 'ప్రగతి–పేదరికం' అనే గ్రంథంలో వాదించిన హెన్రీ జార్జి ఆలోచనలు ఆమెకు ప్రేరణ. ఆ వాదాన్ని ఉపన్యాసాలతో కాక ఆటతో అర్థం చేయించాలని ఆమె సంకల్పం. ఇప్పుడు జీతం ఇచ్చే మొదటి గడి ఆమె పలక మీద భూమాత పేరుతో ఉండేది. భూమి మీద చేసిన శ్రమకు దక్కే కూలి అక్కడ ముట్టేది.

ఆ ఆట అమెరికాలో చేతి పలకల మీద ఇంటింటికీ పాకింది. 1930 దశకపు ఆర్థికమాంద్యంలో చార్లెస్ డారో అనే వ్యక్తి దాన్ని తన సృష్టిగా అమ్మకానికి పెట్టాడు. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అతని వద్ద హక్కులు కొన్నది. మేగీకి ఆమె పేటెంటుకు ప్రతిఫలంగా దక్కింది 500 డాలర్లు. అమ్మకాల్లో ఆమెకు వాటా లేదు. 1970లలో రాల్ఫ్ ఆన్స్‌పాక్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు ఆ సంస్థతో సాగించిన న్యాయపోరాటంలో ఈ పాత చరిత్ర బయటికి వచ్చింది. హెచ్చరికగా పుట్టిన ఆట ఆ విధంగా సంపాదన ఆటగా లోకానికి చేరింది.

అద్దె కట్టడమంటే ఏమిటో రాయ్‌పూర్ ప్రాంతానికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. బ్రిటిషు పాలనలో సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగమైన ఈ ప్రాంతపు గ్రామాల్లో మాల్‌గుజారీ విధానం అమలులో ఉండేది. రైతుల నుంచి శిస్తు వసూలు చేసి, ప్రభుత్వ వాటా కట్టి, మిగిలినది మాల్‌గుజారు ఉంచుకునేవాడు. 1950 నాటి మధ్యప్రదేశ్ యాజమాన్య హక్కుల రద్దు చట్టం 1951 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చి ఆ విధానానికి స్వస్తి చెప్పింది. రైలు మార్గానికి మరో కొసన ఉన్న విజయనగరం పెద్ద జమీందారీ. అక్కడి జమీందారీల రద్దుకు 1948లో మద్రాసు శాసనసభ చట్టం చేసింది. ఈ ఆట ఆడుతున్న మనవడి ముత్తాత ఏ కొసన ఉన్నా, తనది కాని భూమిని దున్ని వేరొకరికి చెల్లించిన రోజులు ఆ ఇంటి జ్ఞాపకంలో ఉండే అవకాశం ఉంది. పెద్దలు ఆ కథ చెప్పడానికి పలక ముందు కూర్చున్న సమయం కంటే అనువైనది దొరకదు.

రెండో నియమావళి

మేగీ ఆటకు రెండు నియమావళులు ఉండేవన్న సంగతి చాలామందికి తెలియదు. మొదటిదాని ప్రకారం ఒక్కరే గెలుస్తారు, అది ఇప్పుడు అందరూ ఆడుతున్నదే. రెండోదాని పేరు సమృద్ధి. అందులో ఎవరు కొత్త ఆస్తి సంపాదించినా ప్రతి ఒక్కరికీ కొంత మేలు జరుగుతుంది. అతి తక్కువ సొమ్ముతో మొదలుపెట్టిన ఆటగాడి సొమ్ము రెట్టింపైన రోజు అందరూ గెలిచినట్టు. రెండు విధాలా ఆడి చూసి, ఏది మేలో ఎవరికి వారే తేల్చుకోవాలన్నది ఆమె ఉద్దేశం.

దీన్ని ఇంట్లో ప్రయత్నించడానికి కొత్త పెట్టె అవసరం లేదు. ఒకరోజు మామూలుగా ఆడాలి. మరునాడు ఖాళీ స్థలాల అద్దెను యజమానికి కాక పలక మధ్యలోని ఉమ్మడి ఖజానాకు చెల్లించాలి, ఇళ్ల వల్ల పెరిగిన అద్దె మాత్రం కట్టినవారికే చెందాలి, ప్రతి చుట్టు చివర ఖజానాను అందరికీ సమంగా పంచాలి. ఎవరు దివాలా తీశారు, ఎంతసేపటికి తీశారు, ఎవరికి విసుగు పుట్టింది అన్నవి రెండు రోజులకూ పోల్చి రాసుకోవాలి. పార్కింగ్ గడిలో కుప్ప పోసే ఇంటి నియమానికీ దీనికీ తేడా ఉంది. ఆ కుప్ప అదృష్టవంతుడికి దక్కుతుంది. ఈ ఖజానా అందరికీ చేరుతుంది.

సెలవుల్లో పిల్లలు తమ ఊరి పలకను తామే గీసుకోవచ్చు. గోల్ బజార్, సదర్ బజార్, పండ్రి, శంకర్ నగర్, టాటీబంధ్ వంటి పేర్లు ఎలాగూ వస్తాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన తరవాత రూపుదిద్దుకున్న నవ రాయ్‌పూర్‌కు ఒక గడి ఇవ్వవచ్చు. ఏ పేటకు ఎంత ధర పెట్టాలన్న చర్చలో అక్కడ బజారు ఎందుకుంది, రైల్వే స్టేషను ఎంత దూరం, రోడ్డు వేస్తే ధర ఎందుకు పెరుగుతుంది అన్న ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఇంటి కోసం వాయిదాలు కడుతున్న తల్లిదండ్రులు, ఆటలో క్షణంలో చేతులు మారే పట్టాకూ నిజమైన దస్తావేజుకూ, రిజిస్ట్రేషనుకూ, రెరా నమోదుకూ మధ్య ఉన్న తేడాను అక్కడే చెప్పవచ్చు.

ఆ పలక గీసేటప్పుడు బుఢా తాలాబ్, తేలీబాంధా చెరువుల దగ్గర ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. వాటికి ధర పెట్టాలా, లేక అమ్మకానికి లేని గళ్లుగా ఉంచాలా? ఆ ప్రశ్నకు జవాబు పెద్దలు చెప్పకుండా పిల్లలకే వదలడం మంచిది. ఏ జవాబు ఇచ్చినా, ఆట మొదలుకాకముందే అందరూ కలిసి దాన్ని నియమంగా రాసుకుంటే చాలు.